కాంపాక్ట్ అనే ముద్దుపేరు

పదకొండు రోజులుగా నా కారు నేను ఎడమపక్క నుంచి ఎక్కుతున్నాను.

నాది అమెరికా కారేం కాదు. స్టీరింగు అందరికీ ఉన్నట్టే కుడివైపే ఉంది. ఎడమ డోరు తీసి, ముందు తల దూర్చి, తర్వాత కుడికాలు లోపలికి పంపి, దాన్ని గేరు రాడ్డు మీదుగా దాటించి, హ్యాండ్‌బ్రేకు దగ్గర ఒక్క క్షణం ఆగి ఇష్టదైవాన్ని తలుచుకుని, మిగతా శరీరాన్ని దాని వెనకాల లాక్కుంటాను. యాభై తొమ్మిదేళ్ల మనిషి రోజుకి రెండుసార్లు చెయ్యాల్సిన పని కాదిది. మొన్న మోకాలు తగిలి హారన్ మోగింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "పిలిచారా సార్?" అన్నాడు. అప్పటికి నా శరీరం రెండు సీట్లలో సమానంగా ఉంది. లేదని చెప్పి పంపేశాను.

కుడిపక్క స్లాటులో 302 గారు కొత్త బండి పెట్టారు. కాంపాక్ట్ ఎస్‌యూవీ. ఏ కంపెనీదో చెప్పను. అపార్ట్‌మెంట్ మీటింగులో మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన రోజున, ఆయనిచ్చిన కాజా నోట్లో పెట్టుకుంటూ అడిగాను, "కాంపాక్ట్ అంటే చిన్నదనే కదండీ?" అని.

"అవును గురువుగారూ. పెద్దదే కొందామనుకున్నాం. మన పార్కింగు గుర్తొచ్చి చిన్నదాంతో సరిపెట్టుకున్నాం" అన్నారాయన, పరమ నిజాయితీగా.

సరిపెట్టుకున్న ఆ చిన్నది పక్కన నిలబడితే నా ఆల్టో తోడుపెళ్లికొడుకులా ఉంది.

మా గోదావరి జిల్లాల్లో ప్రతి ఊళ్లోనూ ఓ చంటిగారు ఉంటారు. పుట్టినప్పుడు ముద్దుగా చంటి అన్నారు. తర్వాత ఆయనకి మీసాలొచ్చాయి, పెళ్లయింది, రొయ్యల చెరువులొచ్చాయి, బీపీ వచ్చింది, మనవలొచ్చారు, బరువు నూటపది దాటింది. చంటి మాత్రం పోలేదు. షష్టిపూర్తి శుభలేఖ మీద కూడా బ్రాకెట్లో "చంటి" అని వేస్తారు, లేకపోతే ఎవరిదో తెలీదని. ఈ కాంపాక్ట్ అన్నది కూడా అలా ఊయల్లో పెట్టిన పేరే. బండి పెరిగింది, పేరు పెరగలేదు.

ఉత్తినే అనడం ఎందుకని ఓ ఆదివారం పొద్దున టేపు పట్టుకుని సెల్లార్లోకి దిగాను. బిల్డరు బ్రోషరులో ఒక్కో స్లాటు వెడల్పు ఎనిమిదడుగులు. టేపులో ఏడున్నర. మిగతా అరడుగూ పిల్లర్లు తినేశాయి. ఏడున్నర అడుగులంటే 2286 మిల్లీమీటర్లు. 302 గారి బండి వెడల్పు అద్దాలు కాకుండా 1790. మిగిలేది 496. ఆయన కుడిపక్క పిల్లరుంది. డోరు తీసుకుని దిగాలంటే ఆయనకి ఆ 496 మొత్తం కుడివైపే కావాలి. కాబట్టి బండిని తెచ్చి సరిగ్గా మా ఇద్దరి మధ్య ఉన్న పసుపు గీతకి ఆనించి పెడతారు. గీత దాటరు. ఆ విషయంలో వేలెత్తి చూపడానికి లేదు. గీతకి ఇవతల నా ఆల్టో 1490. మధ్యలో పెడితే అటో 398, ఇటో 398. అందులో డోరు మందం పోగా మిగిలే సందులో నాలో కొంతభాగం పడుతుంది. పొట్ట పట్టదు.

మరి ఎడమకి జరిగి పెట్టుకోవచ్చుగా అంటారు. ఎడమపక్క స్లాటు 304 వాళ్లది. వాళ్లకి కారు లేదు, స్కూటీ ఉంది. గీత మీద చక్రం పడితే చాలు, ఆ ఇంటావిడ, "అన్నయ్యగారూ, మా స్లాటండీ" అని గుర్తుచేస్తుంది. స్కూటీకి ఏడున్నర అడుగులు ఎందుకమ్మా అని అడగలేం. ఆస్తి ఆస్తే.

కొలతలు మొదలుపెట్టాక మనసు ఊరుకోదు. పాత బండ్ల కొలతలన్నీ వెతికి ఓ నోటు పుస్తకంలో రాశాను. క్రెటానే తీసుకోండి. 2015 జులైలో వచ్చినప్పుడు దాని పొడవు 4270 మిల్లీమీటర్లు. 2020 మార్చిలో రెండో తరం వచ్చింది, 4300. 2024 జనవరిలో ఆ రెండో తరానికే మొహం దిద్ది మళ్లీ వదిలారు, 4330. వచ్చినప్పుడల్లా ముప్ఫై మిల్లీమీటర్లు, అంటే రెండు వేళ్లు. పాపం 2020 దాని ముహూర్తం ఎవరు పెట్టారో గానీ, విడుదలైన పది రోజుల్లోపే లాక్‌డౌన్ వచ్చింది. కొన్నవాళ్లు పెరిగిన రెండు వేళ్లతో సహా దాన్ని సెల్లార్లోనే చూసుకున్నారు.

సెల్టోస్ అయితే మన ఇంటి బిడ్డే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కట్టిన కియా ఫ్యాక్టరీ నుంచి మొట్టమొదట బజారుకొచ్చిన బండి. 2019 ఆగస్టులో 4315 మిల్లీమీటర్లు. 2023లో 4365. 2025 డిసెంబరులో చూపించిన రెండో తరం 4460. ఆరేళ్లలో 145 మిల్లీమీటర్లు. అనంతపురం కరువు నేల మీద ఇంత ఏపుగా పెరిగిన పంట నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. ఈ జాతికి ఆదిపురుషుల్లో ఒకటైన టొయోటా ఆర్‌ఏవీ4 1994లో మూడు డోర్లతో పుట్టినప్పుడు 3.7 మీటర్లుండేది. ఇవాళ 4.6. హోండా సీఆర్‌వీ 1995లో వచ్చినప్పుడు డిక్కీలో నేల మీద పరిచిన పలకని పైకి తీస్తే కింద మడతకాళ్లుండేవి. అది పిక్నిక్ బల్ల. కార్తీక వనభోజనాలకి ఉసిరిచెట్టు కింద వేసుకుంటే ఎంత బావుండేదో! తర్వాతి తరాల్లో బండి పెరిగింది, బల్ల పోయింది. ఇంట్లో చోటు పెరిగేకొద్దీ కలిసి కూర్చుని తినడం తగ్గుతుందని మా ఆవిడ అంటూ ఉంటుంది. అది మా గురించి అంటుంది, సీఆర్‌వీ గురించి కాదు.

ఇక్కడ నాలుగు మీటర్ల సంగతి చెప్పి తీరాలి. పార్కింగుకి దీనితో అంత సంబంధం లేదు. అయినా చెబుతాను.

2006 బడ్జెట్లో చిదంబరంగారు చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కారంటే ఏమిటో కూడా ఆయనే చెప్పారు. పొడవు నాలుగు మీటర్లలోపు, ఇంజను పెట్రోలైతే 1200 సీసీలోపు, డీజిలైతే 1500 సీసీలోపు. అంతే, ఆ రోజు నుంచి దేశంలో కార్ల తోకలకి ఆపదొచ్చింది. తిరుమల కల్యాణకట్టలో జుట్టు ఇచ్చినట్టు ఒక్కొక్కటీ వచ్చి ఆర్థికమంత్రిగారికి తోక సమర్పించుకున్నాయి. ముందు టాటా ఇండిగో 2008లో డిక్కీ తీయించుకుని ఇండిగో సీఎస్ అయింది. స్విఫ్ట్ డిజైర్ 4160 మిల్లీమీటర్లుండేది, 2012లో 3995కి దిగింది. వెనక నుంచి చూస్తే ఎవరో హడావుడిగా డోరు వేసేటప్పుడు మిగతాది బయట ఉండిపోయినట్టుండేది. మహీంద్రా జైలో నాలుగున్నర మీటర్ల పైచిలుకు బండి. అదే సంవత్సరం దాన్ని కోసి క్వాంటో అన్నారు, 3985. అరమీటరు పైగా పోయింది. దాన్ని గుండు అనకూడదు, మోకాళ్ల దాకా తీసేశారు.

ఎకోస్పోర్ట్ ఇంకా తెలివైంది. 2013లో వచ్చింది. స్టెప్నీ చక్రాన్ని వెనక డోరుకి తగిలించుకుంది. కంపెనీ చెప్పే పొడవులో ఆ చక్రం లేదు. చక్రం తీసేస్తే నాలుగు మీటర్లలోపే. చిన్నప్పుడు మనకి హాఫ్ టికెట్ కొట్టించి రైలెక్కించేవాళ్లు గుర్తుందా? పన్నెండు దాటి ఏడాదైనా, టీసీ వస్తున్నాడనగానే అమ్మ భుజం మీద నొక్కేది. మోకాళ్లు వంచి, మెడ లోపలికి లాక్కుని, మొహంలో అమాయకత్వం పెట్టేవాళ్లం. "ఏ క్లాసు బాబూ?" అని టీసీ అడిగితే, ఆరు చదివేవాడు నాలుగనేవాడు. మన నాలుగు మీటర్ల ఎస్‌యూవీలన్నీ ఆ మోకాళ్లు వంచిన పిల్లలే. వాటి కొలతలు చూడండి. బ్రెజా 3995, వెన్యూ 3995, సోనెట్ 3995, ఎక్స్‌యూవీ 300 కూడా 3995. ఎవరూ ఐదు మిల్లీమీటర్లు దాటి అడుగు వెయ్యరు. ఇది బాటా రేటు. 99 రూపాయల 95 పైసలకి చెప్పులమ్మిన పద్ధతిలోనే మీటర్లు అమ్ముతున్నారు. కోపం రాదు, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల గీతకి ఇవతల, ఇంజను కూడా చిన్నదైతే, జీఎస్టీ 18 శాతం, అవతల 40. ఐదు మిల్లీమీటర్ల ఖరీదు ఇరవైరెండు శాతం. భూముల ధరలే ఎక్కువనుకున్నాను ఇన్నాళ్లూ.

మరి నిలువునా పెరగనివ్వకపోతే ఏమవుతుంది? పెళ్లయిన మగవాణ్ణి ఎవర్నైనా అడగండి. అడ్డంగా పెరుగుతుంది. 2019 వెన్యూ వెడల్పు 1770. 2025లో కొత్త తరం వచ్చింది. పొడవు అదే 3995, ఇసుమంత కదల్లేదు. వెడల్పు 1800. ఎత్తు కూడా పెరిగింది. ప్రభుత్వం పొడవుని పట్టుకుంది. డోర్లు ఉండేది పక్కన. ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ వెడల్పు గురించి ఒక్క ముక్క లేదు. పసుపు గీతకి ఇవతల నేనున్నానని ఢిల్లీలో ఎవరికీ తెలీదు.

"అంతా సేఫ్టీ కోసమే గురువుగారూ" అంటారు 302 గారు. డోర్లలో ఉక్కు కడ్డీలు, ఆరు ఎయిర్‌బ్యాగులు, గుద్దుకున్నప్పుడు నలగడానికి ముందు కొంత ఖాళీ. కాదనను. ప్రాణం కంటే పార్కింగు ఎక్కువ కాదు. కానీ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొట్టమొదటి మన దేశపు కారు నెక్సాన్, 2018 డిసెంబరులో. దాని పొడవు 3994. ఆ మాట పైకి అనలేదు. నోట్లో ఆయనిచ్చిన కాజా ఉంది.

మొహాల సంగతి వేరే చెప్పాలి. ఒకప్పుడు కారుకి మొహముండేది. రెండు కళ్లు, ఓ నోరు. పిల్లలు బొమ్మ గీసేవాళ్లు. ఇప్పుడు కళ్లున్న చోట సన్నటి కనుబొమల్లాంటి దీపాలు పెట్టి, అసలు కళ్లని బుగ్గల్లోకి దించేశారు. అక్కడితో ఆగారా, ఈమధ్య నుదుటి మీద ఈ చివర నుంచి ఆ చివరికి విభూతి రేఖలా తెల్లటి లైటొకటి. వెనకవైపు అదే రేఖ ఎర్రగా, కుంకుమలా. రాత్రిపూట సెల్లార్లోకి ఏ బండి వస్తోందో పోల్చుకోలేకపోతున్నాను. అందరూ శైవులే.

ఇంత ఎత్తు చక్రాలూ ఇంత ఛాతీ వేసుకుని అవి వెళ్లేదెక్కడికి? అడవికా? 302 గారి బండికి నాలుగు చక్రాలున్నా ఇంజను తిప్పేది ముందు రెంటినే. ఇలాంటి వాటిలో ఎక్కువ అంతే. మిగతా రెండూ మనలాగే వెనకాల వెళ్తుంటాయి. నిజాంపేట నుంచి కూకట్‌పల్లి, కూరగాయలు, తిరిగి నిజాంపేట. దారిలో కొండలూ లోయలూ లేవు. అయితే వానాకాలంలో మా కాలనీ రోడ్డు చూసినవాళ్లు ఈ వాక్యం కొట్టేయమంటారు. కొట్టేస్తున్నాను.

పన్నెండో రోజు, అంటే ఇవాళ, ఇక లాభం లేదని తేల్చుకున్నాను. మర్యాదగా అడిగేద్దాం. ఓ అరజానెడు మీ పక్కకి జరిపి పెట్టండి, మీకు డోరు కష్టమైతే ఎడమపక్క నుంచి దిగడం ఎలాగో నేను నేర్పుతాను అని చెబుదామని కిందికి దిగాను. ఆయన అప్పటికే బండి బయటికి తీసి గేటు దగ్గర ఆపారు. గేటు పక్కన వాళ్ల అత్తగారు చేతికర్రతో నిలబడి ఉన్నారు. ఎనభై దాటినావిడ. ఆసుపత్రికి బయల్దేరినట్టున్నారు. ఆయన దిగొచ్చి డోరు పూర్తిగా తీశారు. ఆవిడ వెనక్కి తిరిగి, కర్ర ఆయనకిచ్చి, సీటు మీద నడుం ఆనించి, నెమ్మదిగా లోపలికి తిరిగారు. అంతే. కూర్చున్నారు. సీటు సరిగ్గా ఆవిడ నడుముకి వచ్చింది. పైకెక్కనూ లేదు, కిందికి వంగనూ లేదు.

మా అమ్మ చివరి రెండేళ్లూ ఈ ఆల్టోలోనే తిరిగింది. ఆ సీటు ఎంత కిందికుంటుందో నాకు అప్పుడు తెలిసింది. పీట మీద కూర్చున్నట్టే. వెనక్కి తిరిగి నా మెడ పట్టుకుని ఒక్కసారిగా కూలబడేది. కాళ్లు ఒక్కొక్కటీ ఎత్తి నేనే లోపల పెట్టేవాణ్ణి. దింపేటప్పుడు మళ్లీ అదంతా తిరగేసి చెయ్యాలి. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఒకటే మాట, "శ్రమ పెడుతున్నాన్రా." చివర్లో డాక్టరు దగ్గరికి వద్దులే, బానే ఉందిలే అనేది. బాగుండి అనలేదు. ఆ సీటుకి భయపడి అంది. ఇంకో జానెడు ఎత్తుంటే చాలేమో. ఆవిడ కొలతలన్నీ జానెడు, బెత్తెడే.

పార్కింగు సంగతి అడగలేదు. 302 గారు అద్దం దించి, "ఏమైనా కావాలా గురువుగారూ?" అన్నారు. ఏం లేదండీ, వెళ్లిరండి అన్నాను. బండి వెళ్లాక ఖాళీ స్లాటు చూసి సెల్లార్లోకి పరుగులాంటి నడకతో వెళ్లి, కుడి డోరు బార్లా తీసి, రాజాలా ఎక్కి కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్లే పని లేదు. ఊరికే కూర్చున్నాను.

అక్కడ ఉండగానే 304 ఇంటావిడ స్కూటీ తియ్యడానికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అన్నయ్యగారూ, మేము కూడా బుక్ చేశామండీ. 302 వాళ్లదే మోడలు. దసరాకి డెలివరీ అన్నారు."

"సంతోషం అమ్మా" అన్నాను.

"పెద్దదేం కాదులెండి, కాంపాక్టే."

నా ఆల్టోకి మొత్తం ఐదు డోర్లు. ఐదోది డిక్కీది.